బొందు ముడి

భారతమ్మ లంగాలు వాషింగ్ మెషీన్‌లో పడవు. ఆ మెషీన్ ఇంటికొచ్చి తొమ్మిదేళ్లయింది. ఆళ్లగడ్డలో ఆ వీధికి అది రెండో మెషీన్. దాని మీద భారతమ్మ తన చేత్తో అల్లిన లేసు గుడ్డ కూడా కప్పి ఉంటుంది. అయినా మగవాళ్ల చొక్కాలతో ఆడవాళ్ల లంగాలు కలిసి తిరగడం ఆమెకు సుతరామూ గిట్టదు. "నా కొడుకు రత్నం ఆ చొక్కా ఏసుకోని గుళ్లో బైబిలు చదువుతాడు. దాంట్లో నా లంగా తిప్పుతావా?" అని మొదటిరోజే తేల్చేసింది. ఏది దేంతో కలవకూడదో చెప్పడానికి ఇంట్లో పెద్దలుంటారు గానీ, విడిగా పెట్టింది ఎవరు ఉతకాలో మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. అది అందరికీ పుట్టుకతోనే తెలిసిపోతుంది. కాబట్టి మెషీన్ రాకముందూ, వచ్చాకా, పద్దెనిమిదేళ్లుగా ప్రతి శనివారం సాయంత్రం, నంద్యాల కాలేజీ నుంచి బస్సు దిగి, చెప్పులు విడిచి, కాఫీ కలిపి ఇద్దరికిచ్చి, తనది చల్లారబెట్టుకుని, కోడలు అరుణకుమారి పెరట్లో బండ ముందు కూర్చుంటుంది. నాలుగు తెల్ల లంగాలు, నాలుగు తెల్ల బొందులు.

తడిసిన బొందు అబద్ధం చెప్పదు. రోజూ ముడి పడే చోట నూలు నలిగి, చెమటకు మురికి పట్టి, నల్లటి గీత ఒకటి పడుతుంది. క్రిస్మస్ ముందు ఉతికినప్పుడు ఆ గీత కొస నుంచి పన్నెండు వేళ్ల దూరంలో ఉండేది. జనవరి ఆఖరి శనివారం అరుణ సబ్బు రుద్దుతూ రుద్దుతూ ఆగిపోయింది. గీత కొసకు దగ్గరగా జరిగింది. పాత గీత మరక ఇంకా పన్నెండు వేళ్ల దగ్గరే ఉంది, కొత్తది వేళ్లు పెట్టి కొలిస్తే తొమ్మిది. ఫిబ్రవరిలో ఏడు. అంటే నడుము పెరుగుతోంది. మనిషి మాత్రం తగ్గుతోంది. జాకెట్ చేతులు వదులయ్యాయని రెండుసార్లు కుట్టు వేసింది కూడా అరుణే. చేతులు సన్నబడి పొట్ట లావెక్కే తిండి ఆ ఇంట్లో ఎవరూ వండలేదు, ఆ సంగతి వండే మనిషికి తెలియదా! కొలిచిన అంకెలు ఆమె వంటింటి గోడకున్న చర్చి క్యాలెండర్ మీద, ఏ శనివారానిది ఆ గడిలో రాస్తూ వచ్చింది. పన్నెండు, తొమ్మిది, ఏడు. భర్త రాజరత్నం అది చూసి, "పాల ప్యాకెట్ల లెక్కనా?" అన్నాడు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు.

ఇంతలో శ్రమకాలం వచ్చింది. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు విశ్వాసులు ఉపవాసాలుండే కాలం అది. నిరుడు శ్రమకాలంలో భారతమ్మ సాయంత్రం కాఫీ ఒక్కటి మానేసి, నలభై రోజులూ ఆ కాఫీ గురించే మాట్లాడింది. ఈసారి మాత్రం సంగటి ముద్ద ముందు పెడితే రెండు పిడికిళ్లు తిని పళ్లెం జరిపేస్తోంది. చెనిక్కాయ ఊరిబిండి పచ్చడి వేసినా అంతే, పొట్టేలు కూర వండినా అంతే. మూడో ఆదివారం గుళ్లో జకరయ్య అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆగి, "మన భారతమ్మ గారిని చూడండి. అరవై ఎనిమిదేండ్ల వయసులో ఎంత దీక్షగా ఉపవాసం చేస్తాండారో! మొహంలో ఆ కళ చూడండి," అన్నాడు. సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. భారతమ్మ కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు దించుకుని, చిన్నగా నవ్వింది. పక్కనే కూర్చున్న అరుణకు ఆ మొహంలో కళ కనబడలేదు, దవడ ఎముక కనబడింది.

అరుణ ఆరేళ్లుగా చదువుతున్నది, పొట్ట పెంచి మనిషిని తగ్గించే ఆ రోగాన్నే. నంద్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతూ, సెలవు రోజుల్లో యూనివర్సిటీ ల్యాబుకు పోతూ, అండాశయ క్యాన్సర్ మీద పార్ట్ టైమ్ పీహెచ్‌డీ చేస్తోంది. థీసిస్ ఇవ్వడానికి డిసెంబరు ఆఖరు గడువు. ఆ తర్వాత ఇంక పొడిగించరు. ఇంట్లో ఆ చదువుకు "సావు గంటల చదువు" అని పేరు. పేరు పెట్టింది రాజరత్నం, బంధువుల్లో ప్రచారం చేసింది భారతమ్మ. "నలభై మూడేండ్లకు డాక్టరయితే ఎవురికి సూది ఏస్తావుమ్మే?" అని ఒక పెళ్లిలో అందరి ముందూ అడిగి నవ్వించింది కూడా.

ఆ ఆదివారం రాత్రి భోజనాల దగ్గర అరుణ చెప్పింది. "అత్తకు స్కానింగ్ తీయించాల. కడుపులో నీరు చేరతాంది. తిండి దిగడం ల్యా. ఇది ఉపవాసం కాదు."

"గ్యాసు," అన్నాడు రాజరత్నం మజ్జిగ కలుపుకుంటూ. "వాము నీళ్లు తాగితే పోతాది."

"బొందు ముడి ఐదు వేళ్లు జరిగింది."

"ఏందీ? లంగా బొందు చూసి క్యాన్సర్ చెప్తాండావా?" ఆయన మనస్ఫూర్తిగా నవ్వాడు. చెడ్డవాడు కాదు రాజరత్నం. నవ్వితే ఎదుటివాళ్లకూ నవ్వొస్తుంది, ఆ ఇంట్లో చాలా మాటలు ఆ నవ్వు కిందే పడి నలిగిపోయాయి. "ఆరేండ్లు దాన్నే చదివితివి. పచ్చకామెర్లోనికి లోకమంతా పచ్చగానే కనపడ్తాది. ఇంటోళ్లకు అంటగట్టబాక."

భారతమ్మ మాత్రం నవ్వలేదు. "అయ్యగారు నన్ను మెచ్చుకుంటే ఓర్చుకోలేకపోతాండావా?" అంది.

అరుణ కడిగిన పళ్లేలు బోర్లించి పడుకుంది. మర్నాడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గానీ ఆమెకు కోపం రాలేదు. కోపానికి కూడా ఇంట్లో తీరిక దొరకదు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో గంట, ఆ గంటే ఆమెది. సిరివెళ్ల దాటుతుండగా అనుకుంది, నేను చదివింది ఇదే కదా. ఒంట్లో ప్రతి కణానికీ పైపొర మీద వాకిలి గంట లాంటి ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. డెత్ రిసెప్టర్లు అంటారు, ఇంట్లోవాళ్లు అనే సావు గంటలు అవే. కణం పాడైపోతే, ఒంటికి కాపలా కాసే కణాలు వచ్చి ఆ గంట కొడతాయి. గంట మోగిందంటే లోపలికి కబురు పోతుంది. కణం గొడవ చేయకుండా తన దీపం తానే ఆర్పుకుని, సామాను సర్దుకుని పోతుంది. మంచి కణం పద్ధతి అది. క్యాన్సర్ కణం అట్లా కాదు. కొన్ని అసలు గంటే పీకేస్తాయి. కొన్నింటికి గంట బాగానే ఉంటుంది, లోపలి తీగ మీద ఇంకో ప్రొటీన్ ఎక్కి కూర్చుని కబురు పోనివ్వదు. అన్నింటికన్నా గడుసువి దొంగ గంటలు తగిలిస్తాయి. చూడ్డానికి అచ్చం గంటే, తీగ మాత్రం ఉండదు. కొట్టేవాడు కొడుతూనే ఉంటాడు, లోపల కణం హాయిగా పెరుగుతూ ఉంటుంది. అరుణ ఆరేళ్లు వెతికింది ఆ చెవిటి కణాలకు మళ్లీ వినిపించే దారి ఏదైనా ఉందా అని. ఉందో లేదో గానీ, చెవిటితనం గురించి ఆమెకు బాగా తెలిసింది. నిన్న రాత్రి తను గంట కొట్టలేదా? గట్టిగానే కొట్టింది. కొట్టడంలో తప్పేమీ లేదు, ఆ ఇంట్లో తన మాటకు లోపల తీగే లేదు. అదే వాళ్లు కొట్టే గంటకు మాత్రం తనలో ఒక్క తీగ కూడా తెగలేదు. అరుణా, తువాలు. అరుణా, నా కండ్లద్దాలు యాడ పెడితివి. అరుణా, హాస్టల్ నుంచి నీ కూతురు బ్లెస్సీ ఫోనంట, నువ్వే మాట్లాడు. ప్రతి గంటకూ ఆమె లేచి, చేస్తున్న పని వదిలి, ఆ పూటకు కాస్త చచ్చి, మళ్లీ కాఫీ పొడి డబ్బా తెరుస్తుంది. అట్లా చూస్తే తను ఎంత ఆరోగ్యమైన కణమో అనుకుని అరుణ గట్టిగా నవ్వేసింది. పక్క సీట్లో కూర్చున్న ఆమె జామకాయల బుట్టను కొంచెం అవతలికి జరుపుకుంది.

మాటలతో కాదని అరుణకు ఆ రోజే అర్థమైంది. దారి దొరికింది మాత్రం ఈస్టర్‌కు వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందటి గురువారం, అదీ రాళ్ల షెడ్డు పుణ్యాన.

ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన దేవుళ్లు ఎక్కడెక్కడికో పోతారు. అరుణ వాళ్లింటికి ఎదురుగానే శిల్పి సుబ్బరాయుడి షెడ్డు. తెల్లారితే ఉలి మోతతోనే వీధి లేస్తుంది. భారతమ్మ పెళ్లయి వచ్చిన కొత్త నుంచీ సుబ్బరాయుడి నాయన దగ్గర ఇరవై ఏళ్లు కూలికి పోయింది. చెక్కడం మగవాళ్ల పని. చెక్కినదాన్ని నీళ్లు పోసి సానరాయితో అద్దంలా నునుపు తేలేదాకా రుద్దడం ఆడవాళ్ల పని. పేరు చెక్కినవాడికి, చేతుల నొప్పి రుద్దినవాళ్లకు. "నేను ఏసుప్రభువు బిడ్డనే గానీ, నూరు మంది వినాయకుళ్లకు బొజ్జలు రుద్దింటా," అని భారతమ్మ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

ఆ సాయంత్రం షెడ్డుకు కొత్త రాళ్లు వచ్చాయి. సుబ్బరాయుడు లారీ మీదికెక్కి ఒక్కో రాయినీ సుత్తితో తట్టి చెవి ఒగ్గి వింటున్నాడు. ఖణ్ మని మోగితే దించమంటున్నాడు. ఒకటి మాత్రం డబ్ మంది. "ఇది వద్దప్పా, లోపల పగులుంది. ఎనక్కి తీసకపో," అన్నాడు. పైకి ఆ రాయి నల్లగా నిగనిగలాడుతూ మిగతావాటికన్నా బాగుంది. బస్సు దిగి వస్తున్న అరుణ వాకిట్లోనే నిలబడిపోయింది. కడుపులో నీరుందో లేదో చూడ్డానికి డాక్టర్లు చేసేదీ ఇదే కదా!

వరండాలో మంచం మీద భారతమ్మ పడుకుని ఉంది. అరుణ సంచి పక్కన పడేసి మంచం అంచున కూర్చుంది. "అత్తా, రొండు నిమిషాలు కదలకుండా పండుకో. మాట్లాడబాక, విను."

"ఏం చేస్తాండావ్ మే?"

అరుణ ఎడమచేతి వేలు అత్త బొడ్డు పక్కన ఆనించి, దాని మీద కుడిచేతి వేలితో తట్టింది. ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది. అట్లాగే తడుతూ పక్కకు పోయింది. నడుము వైపు వచ్చేసరికి మోత ఆగిపోయి, డబ్, డబ్ మంది. భారతమ్మ నొసలు ముడిపడింది. ఎదురుగా షెడ్డులో సుబ్బరాయుడు ఇంకో రాయి తట్టాడు, ఖణ్ మంది.

"మళ్లా కొట్టు," అంది భారతమ్మ.

అరుణ కొట్టింది. డబ్.

"నేను పక్కకు తిరుగుతా. ఇప్పుడు కొట్టు." అటు తిరిగితే మోత లేని చోటు కూడా అటే జారింది. అరుణ వేళ్లు తీసేసింది. చెప్పనక్కర్లేదు. ఇరవై ఏళ్లు రాళ్ల మధ్య బతికిన చెవులవి.

భారతమ్మ తనే వేలు మడిచి నడుము మీద ఇంకోసారి తట్టుకుంది. "ఈ పలుకు నాకు తెలుసు," అంది. "పగులు రాయి ఇట్లనే పలుకుతాది. సుబ్బరాయుని నాయన అయితే లారీ దించనిచ్చేటోడు కాదు." తర్వాత గొంతు తగ్గించి, "నేను ఉపవాసం ల్యామ్మే. రొండు ముద్దలకే గొంతు దాకా వచ్చినట్లుంటాది. ముందే చెప్దామనుకుంటి. అంతలోకే అయ్యగారు గుళ్లో నా పేరు చెప్పి మెచ్చుకునె. అరవై ఎనిమిదేండ్లలో నా పేరు చెప్పి ఎవురన్నా మెచ్చుకునింది అదే మొదటి తూరి. కాదని చెప్పనీకి నోరు రాలే," అంది.

అరుణకు అత్త మీద ఎప్పుడూ రానంత ప్రేమ వచ్చింది. పద్దెనిమిదేళ్లుగా ఈ మనిషి ఒక్క మెచ్చుకోలు మాట తనకు చెప్పలేదని ఎన్నిసార్లు ఏడ్చింది! ఆమె దగ్గర ఉంటే కదా ఇవ్వడానికి, ఆమెకు ఎవరిచ్చారు గనక? "పొద్దున్నే ఏడు గంటల బస్సుకు పోదాం అత్తా. రేపు కాలేజీకి సెలవు పెడతా," అంది.

పొద్దున ఇద్దరూ తయారై వాకిట్లోకి వస్తుంటే రాజరత్నం పళ్లు తోముకుంటూ ఎదురొచ్చాడు. "యాడికి? నా టిఫినో?"

"జొన్న రొట్టెలు డబ్బాలో ఉండాయి," అంది భారతమ్మ గడప దాటుతూ. "చాలకుంటే ఉపవాసం ఉండు నాయనా. అయ్యగారు మెచ్చుకుంటారు."

నంద్యాలలో స్కానింగ్ చూసిన డాక్టరమ్మ ఎన్నాళ్ల నుంచి ఇట్లా ఉందని అడిగింది. సాధారణంగా ఆ ప్రశ్నకు అందరూ "ఏమో, మొన్నటి నుంచే" అంటారు. అరుణ సంచిలోంచి క్యాలెండర్ కాగితాలు నాలుగు తీసి బల్ల మీద పరిచింది. డిసెంబరులో పన్నెండు, మార్చి ఆఖరుకు నాలుగు. అది ఏ లెక్కో చెబితే డాక్టరమ్మ ఒక్క క్షణం నోరు తెరిచి, తర్వాత భారతమ్మ వైపు తిరిగి, "మీ కోడలు మంచి పని చేసిందమ్మా. ఇది చానామందికి గ్యాస్ అనుకుంటుండగానే ముదిరిపోతుంది," అంది. ఎడమ అండాశయం మీద నిమ్మకాయంత గడ్డ ఉంది. మరీ ముందుగా పట్టుకున్నామని చెప్పలేం గానీ చేయి దాటిపోలేదు, కర్నూలుకు పోయి ఆపరేషన్ చేయించుకోండి అంది.

ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఆరుసార్లు కీమో అన్నారు. ఆస్పత్రి వరండాలో రాజరత్నం చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని, "నాదే తప్పు అరుణా," అన్నాడు. అది నిజంగానే అన్నాడు. వెంటనే, "ఇంగ అమ్మకు నువ్వుండావు గదా, నాకు దిగులు ల్యా," అన్నాడు. అదీ నిజంగానే అన్నాడు. గంట మోగింది. అరుణ కాలేజీకి జీతం లేని సెలవు పెట్టింది, థీసిస్ కాగితాల సంచి బీరువా మీదికి ఎక్కించింది. ఎవరూ ఎక్కించమనలేదు. అదే ఆ గంటలో గొప్పతనం, కొట్టినవాడికి కూడా కొట్టినట్టు తెలియదు.

నాలుగో కీమోనాడు, సెలైన్ సీసా చుక్కచుక్కగా దిగుతుంటే, భారతమ్మకు విసుగు పుట్టింది. నున్నటి తల మీద గుడ్డ సర్దుకుని, "మే, ఆ సావు గంటలంటే ఏందో చెప్పు. ఊరికే నవ్వితి గానీ ఎప్పుడూ అడగల్యా," అంది.

అరుణ చెప్పింది. వాకిలి గంట గురించి, లోపలి తీగ గురించి, దొంగ గంట గురించి. దొంగ గంట దగ్గరికి వచ్చేసరికి భారతమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"ఓసినీ! అది నేనే గదే! మీ మామ ఉండేటప్పుడు నలభై ఏండ్లు అదే చేస్తి. ఆయప్ప ఏం చెప్పినా ఊ అంటాంటి. అట్లనే, సరే, అట్లనే. లోపలికి ఒక్కటి పోనిస్తే గదా! లేకుంటే ఎప్పుడో సచ్చిండేదాన్ని." నర్సు వచ్చి చేయి కదిలించొద్దని కేకలేసేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. నవ్వు ఆగాక భారతమ్మ కోడలి వైపు అదోలా చూసింది. "నీకు ఆ విద్దె రాలేమ్మే. నీకు ఉండేవన్నీ నిజం గంటలే. ఎవురు కొట్టినా లేస్తాండావ్. నేనూ కొడ్తి. ఆ కాగితాల సంచి బీరువా మీద ఎందుకుండాది?"

"మాట వినని కణమే రోగం అని అదే కాగితాల్లో రాసినా అత్తా," అంది అరుణ, నవ్వబోయి నవ్వలేక.

"అది కణం. నువ్వు మనిషివి. అంత చదివితివి, ఆ మాత్రం తేడా తెలీదా?"

అరుణ ఆమె తల మీది గుడ్డ సరిచేసింది. ఇంటికొచ్చాక బీరువా వైపు నాలుగైదుసార్లు చూసింది. ముక్కాలిపీట వేసుకుంటే అందే ఎత్తే అది. పీట తెచ్చేలోగా ఎవరో ఒకరు పిలిచేవాళ్లు.

ఆరు కీమోలూ పూర్తయ్యాయి. సెప్టెంబరు మొదటి ఆదివారం భారతమ్మ గుళ్లో సాక్ష్యం చెబుతానంది. గండం గట్టెక్కినవాళ్లు సంఘం ముందు నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం మామూలే. జకరయ్య అయ్యగారు సంతోషంగా మైకు ఇచ్చాడు. బైబిలు చదివి వచ్చిన రాజరత్నం, ఇస్త్రీ చొక్కాతో ముందు వరసలో కూర్చున్నాడు.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు," అని మొదలుపెట్టింది భారతమ్మ. "ముందుగాల ఒక తప్పు ఒప్పుకోవాల. శ్రమకాలంలో అయ్యగారు నా ఉపవాసం చూసి మెచ్చుకునిరి. నేను ఉపవాసం ల్యా. తిండి దిగక మానేస్తి. రోగాన్ని భక్తి అని మీకు చూపిస్తి. దేవుడు క్షమించినాడు, మీరూ క్షమించండి." అయ్యగారు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. "ఇప్పుడు ఆడోళ్లకు చెప్తాండా. కడుపు ఉబ్బరంగా ఉండి, రొండు ముద్దలకే నిండిపోతాంటే, అది రోజూ ఉంటే, గ్యాసు గ్యాసు అని కూర్చోబాకండి. ఇంటికి పోయి మీ లంగా బొందులు చూసుకోండి. ముడి యాడ పడతాండాదో చూడండి. జరుగుతాంటే డాక్టర్ దగ్గరికి పోండి."

మగవాళ్ల వైపు తలలన్నీ పాటల పుస్తకాల్లోకి దిగిపోయాయి. ఆడవాళ్ల వైపు మొదట గుసగుస, తర్వాత ఎవరో కిసుక్కున నవ్వడం. వెనక వరసలో ఒకామె మెల్లగా తన నడుము తడుముకోవడం అరుణ చూసింది.

"నన్ను బతికించింది దేవుడు, నిజమే. దేవుడు ఏం చేసె? నా గుడ్డలు నా కోడలి చేతికిచ్చె. అది పద్దెనిమిదేండ్లు ఉతికె. ఒక్కనాడు నేను బాగుందనలే. ఈ సంఘం ముందర చెప్తాండా. అరుణకుమారీ, నువ్వు బాగా ఉతికినావు. బాగా చదివినావు." మైకు మీద చేయి పెట్టి దగ్గి, సర్దుకుంది. "ఇంగ అది ఉతకదు. దానికి డిసెంబరు లోపల చదువు ముగించేది ఉంది. నా లంగాలు నా కొడుకు ఉతుకుతాడు. మెషీన్లో కాదు, చేత్తోనే. మెషీనుకు కండ్లు ల్యావు."

రాజరత్నం మొహం ఎర్రబడింది. సంఘమంతా ఆయన వైపే చూస్తోంది. ఏం చేయాలో తెలియక లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక ఏమనాలో తెలియక, "ఆమెన్," అన్నాడు. గుడి అంతా ఆమెన్ అంది.

మధ్యాహ్నం ఇంటికి రాగానే అరుణ ముక్కాలిపీట వేసుకుని బీరువా మీది సంచి దించింది. దుమ్ము దులిపింది. ఎవరో పిలిచారు. దులపడం పూర్తయ్యేదాకా పలకలేదు.

అక్టోబరులో ఒక శనివారం సాయంత్రం. అరుణ వరండాలో బల్ల ముందు నాలుగో అధ్యాయం ముగిస్తోంది. పక్కన మంచం మీద భారతమ్మ జొన్న రొట్టె తుంచుకుని ఊరిబిండిలో అద్దుకుని తింటోంది. ఇది రెండో రొట్టె. తల మీద కొత్త వెంట్రుకలు అర అంగుళం లేచాయి. పెరట్లో బండ మీద గుడ్డ బాదుతున్న చప్పుడు వస్తోంది. ఆ బాదడంలో లయ లేదు, బలం మాత్రం ఉంది.

"అరుణా!" పెరట్లోంచి కేక.

అరుణ కాలు దానంతటదే చెప్పు వెతుక్కుంది.

"కూర్చో," అంది భారతమ్మ నోట్లో రొట్టెతోనే. "మోగనీ."

"అరుణా! ఓ అరుణా!"

ఇద్దరూ కదల్లేదు. ఎదుటి షెడ్డులో ఉలి మోత కాసేపు ఆగి మళ్లీ మొదలైంది. చివరికి రాజరత్నమే వచ్చాడు. లుంగీ మోకాళ్ల దాకా తడిసింది, గడ్డానికి సబ్బు నురగ అంటింది. తడి బొందు ఒకటి రెండు చేతులా బిగించి పట్టుకుని, దూడ పలుపు పట్టుకొచ్చినట్టు తెచ్చాడు.

"కదల్యా," అన్నాడు. "ఐదో వారం. గీత యాడుందో ఆడనే ఉంది. పది వేళ్లు. మూడుసార్లు కొలిచినా." ఆ గొంతు ఎప్పటి నవ్వు గొంతు కాదు.

"ఎవరి వేళ్లు?" అంది అరుణ.

"నావే."

"మీ వేళ్లు లావు. నావైతే పన్నెండు." అని ఒక్క క్షణం ఆ తడి బొందు మీది నల్ల గీత వైపు చూసింది. క్రిస్మస్ ముందు ఎక్కడుండేదో అక్కడే ఉంది. లేచి ఇద్దరినీ కలిపి కావలించుకోవాలన్నంత సంతోషం కలిగింది. లేవలేదు. ఈ వాక్యం సగంలో ఉంది.

"క్యాలెండర్ గోడకుంది," అంది పెన్ను ఎత్తకుండానే. "తేదీ చూసి, ఆ గడిలో మీరే రాయండి."